రక్తం తుడవకండి, నీడ తొలగించండి

కెమెరా పేజీ: పాఠకుల ప్రశ్నలు, విజయనగరం నుంచి మా ఫొటోగ్రాఫరు జవాబులు

గత సంచికలో ఈ పేజీలో ఒక మచ్చల దుమ్ములగొండి చిత్రం వేశాం. కళేబరం మీది నుంచి తలెత్తి సూటిగా కెమెరా వైపు చూస్తున్న హైనా అది. మూతి నిండా రక్తం. ‘ఇంత రోత పుట్టించే బొమ్మ ఎందుకు వేశారు’ అని కొందరు రాశారు. ‘మేమూ తీశాం, కానీ నల్లగా వచ్చాయి, ఏం చేయాలి’ అని ఇంకొందరు రాశారు. రెండు రకాల ఉత్తరాలూ నాకు ముఖ్యమైనవే. అందుకే ఈసారి పేజీ మొత్తం కళేబరాలు తిని బతికే జీవులకే కేటాయించాను.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన సైన్సు ఉపాధ్యాయుణ్ణి. ఆగస్టులో మా అబ్బాయి కుటుంబంతో కెన్యాలోని మసాయి మారా వెళ్తున్నాను. 100–400 లెన్సు కొన్నాం. సింహాలను ఎలా తీయాలో అందరూ చెబుతున్నారు. నాకు మాత్రం హైనాలను, రాబందులను తీయాలని కోరిక. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు వాటిని ‘ప్రకృతిలోని పారిశుద్ధ్య కార్మికులు’ అని చెప్పాను కానీ కళ్లతో చూడలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: మాస్టారూ, ఈ కోరికతో వచ్చిన మొదటి ఉత్తరం మీదే. ఆఫ్రికా వెళ్లి వచ్చిన మన జిల్లాలవాళ్లు ప్రింట్ల కోసం మా స్టూడియోకు వస్తుంటారు. వాళ్ల మెమరీ కార్డుల్లో నిద్రపోతున్న సింహాలు కోకొల్లలు. దుమ్ములగొండి ఒకటో రెండో ఉంటుంది, అదీ చెదిరిపోయి. బండి ఆపమని ఎవరూ అడగరు కాబట్టి డ్రైవరు ఆపడు. మీరు మొదటి రోజు బయలుదేరే ముందే గైడుకు చెప్పండి: ‘హైనాల కోసం ఆగుదాం, వాటి బొరియ ఎక్కడుందో చూపించండి’ అని. చాలామంది గైడ్లకు ఆ బొరియలు తెలిసే ఉంటాయి, అడిగేవాళ్లే ఉండరు.

మీ పాఠానికి చిన్న చేర్పు చెప్పనివ్వండి. ఇది ఫొటోకు కూడా పనికొస్తుంది. మచ్చల దుమ్ములగొండి కేవలం మిగిలింది తినే జంతువు కాదు. 1960లలో హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త టాంజానియాలోని సెరెంగెటి, గోరోంగోరో ప్రాంతాల్లో రాత్రిపూట వాటిని వెంబడించి గమనించాడు. అవి తినేదాంట్లో ఎక్కువ భాగం అవే వేటాడుకున్నదని తేల్చాడు. తెల్లవారాక సింహం తింటుంటే చుట్టూ హైనాలు నిలబడి కనిపిస్తాయి. చూసినవాళ్లు అవి ఎంగిలికి కాచుకున్నాయనుకుంటారు. రాత్రి ఆ వేట హైనాలదే అయి, సింహం వచ్చి లాక్కున్న సందర్భాలు బోలెడు. ఈ సంగతి తెలిసినవాడు సింహం ఒక్కదాన్నే బిగించి తీయడు. చుట్టూ ఉన్నవాటికి కూడా ఫ్రేములో చోటిస్తాడు.

వేళ విషయానికి వస్తే, దుమ్ములగొండికీ రాబందుకీ పొంతన కుదరదు. దుమ్ములగొండి కోసం చీకటి ఉండగానే బయలుదేరాలి. పొద్దు పొడిచే ముందు అరగంట, తరువాత గంట మీకు దొరికే సమయం. ఎండెక్కితే అది బురదగుంటలోనో పొద నీడలోనో పడుకుంటుంది. రాబందు దీనికి పూర్తిగా వ్యతిరేకం. బరువైన పక్షి కాబట్టి నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా చెట్టు దిగదు. కళేబరం మీద రాబందులు గుంపుగా వాలేసరికి పొద్దు బాగా పైకెక్కి, వెలుతురు కరుకుగా ఉంటుంది. ఆ వెలుతురులో దూరం నుంచి తీస్తే వేడిగాలి అలల వల్ల చిత్రం మెత్తబడుతుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. దగ్గరగా ఉంటే తీయండి, దూరంగా ఉంటే కెమెరా దించి కళ్లతో చూడండి. చూడవలసింది చాలా ఉంటుంది. దళసరి తోలును చీల్చేది పెద్ద ముక్కున్న లాపెట్ రాబందు. మెడ మీద ఈకలు పలచగా ఉన్న రపెల్ రాబందులు, ఆఫ్రికా తెల్లవీపు రాబందులు తల లోపలికి దూర్చి మెత్తటి మాంసం తింటాయి. చిన్న హుడెడ్ రాబందు అంచుల్లో తిరుగుతూ తునకలు ఏరుకుంటుంది. ఎవరి పని వారిది. ఆ క్రమం ఒక్క ఫొటోలో రాదు, వరుసగా ఐదారు తీయాలి. రపెల్ రాబందు ఎంత ఎత్తుకు ఎగరగలదో మీ మనవలకు చెప్పండి: 1973లో పశ్చిమాఫ్రికాలోని అబిజాన్ మీదుగా 37,000 అడుగుల ఎత్తులో ఒక రపెల్ రాబందు విమానానికి తగిలింది.

కెమెరా అమరికలు క్లుప్తంగా చెబుతాను. నడుస్తున్న దుమ్ములగొండికి షట్టర్ వేగం 1/500, పరుగెత్తితే 1/1000 దాటాలి. వాలుతున్న రాబందుకు 1/2000కు తగ్గవద్దు. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓను, అంటే వెలుతురును పట్టే చురుకుదనాన్ని, 6400 దాకా నిర్భయంగా పెంచండి. గరుకును తరువాత తగ్గించవచ్చు, చెదిరిన బొమ్మను నిలబెట్టలేం. తప్పనిసరిగా రా ఫైల్లో, అంటే కెమెరా పట్టిన సమాచారాన్నంతా దాచే ఫైల్లో తీయండి. జంతువు తల కళేబరంలో ఉన్నంతసేపూ వేలు బిగబట్టండి. అది నమలడానికి తలెత్తినప్పుడు కంటి మీద ఫోకస్ పెట్టి నొక్కండి.

పైకప్పు తెరిచే బండిలో అందరూ నిలబడి పైనుంచి తీస్తారు. మీరు కూర్చుని కిటికీలోంచి తీయండి. జంతువు కంటి ఎత్తుకు ఎంత దగ్గరగా దిగితే దుమ్ములగొండి అంత నిండుగా కనిపిస్తుంది. పైనుంచి తీస్తే ఆ వాలు వీపు వల్ల అది కుంగిపోయి, దొంగలా కనబడుతుంది. దాని మీద ఉన్న చెడ్డపేరులో సగం ఇలాంటి ఫొటోల వల్ల వచ్చిందేనని నా అభిప్రాయం. లెన్సు కింద పెట్టుకోవడానికి దళసరి గుడ్డతో ఒక సంచి కుట్టించుకుని ఖాళీగా తీసుకెళ్లండి, అక్కడ బియ్యమో గింజలో నింపుకోవచ్చు. తీసేటప్పుడు ఇంజను ఆపించండి.

బొరియ దగ్గర ఒక మాట. పిల్లలు పుట్టినప్పుడు నల్లగా ఉంటాయి, మచ్చలు తరువాత వస్తాయి. ఆ నల్లటి ముఖంలో కళ్లు కనబడాలంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాలి. అవి బెదిరి లోపలికి పోతే వెంటనే బండి వెనక్కి తీయించండి.

ఎల్లో ఫీవర్ టీకా మరవకండి. వేయించుకున్నట్లు ఇచ్చే కార్డు పది రోజుల తరువాతే చెల్లుతుంది. అది లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలో క్వారంటైన్‌కు పంపుతారు. అరవై దాటినవారు డాక్టరుతో మాట్లాడాకే వేయించుకోవాలి, కాబట్టి ఆ పని ముందుగా చూసుకోండి.

ప్రశ్న: మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. సైన్యంలో పనిచేస్తున్నాను, ప్రస్తుతం బికనీర్‌లో ఉన్నాను. సెలవు రోజున జోర్‌బీడ్ వెళ్లి రాబందులను తీశాను. తెల్ల రాబందు ఒంటి మీద ఈకలే కనబడటం లేదు, కాగితంలా తెల్లగా వచ్చింది. దాని పక్కనున్న నల్ల రాబందు మాత్రం బాగుంది. కంప్యూటర్లో సరిచేయవచ్చా?
– ఒక జవాను

జవాబు: తమ్ముడూ, మన దేశంలో రాబందులను అంత దగ్గరగా, అన్ని రకాలు ఒక్కచోట చూసే అదృష్టం కొద్దిమందికే దొరుకుతుంది. చచ్చిన ఒంటెలను, పశువులను తెచ్చి పడేసే ఆ చోటికి శీతాకాలంలో హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరాది దేశాల నుంచి రాబందులు, గడ్డి మైదానపు గద్దలు వచ్చి చేరతాయి. వాసన భరించి అక్కడ నిలబడిన నీకు అభినందనలు.

నువ్వు పంపినవి జేపీజీలు. వాటిలో తెలుపు పూర్తిగా ఎగిరిపోయింది. అక్కడ సమాచారమే లేదు కాబట్టి తిరిగి రాదు. రా ఫైలు అయితే ఒక మెట్టు దాకా ఈకలను వెనక్కి రప్పించగలిగేవాణ్ణి. నల్ల రాబందు ఫ్రేములో ఎక్కువ చోటు ఆక్రమించినప్పుడు కెమెరా దాన్ని చూసి వెలుతురు పెంచేస్తుంది. ఆ పెంపు తెల్ల పక్షి మీద పడుతుంది. ఈసారి కెమెరా లెక్కను మనం సరిచేసే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 0.7కు దించి, తీసిన వెంటనే వెలుగునీడల గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్ చూడు. కుడి గోడకు గీత అంటుకుంటే ఇంకా దించు. నల్ల ఈకలు చీకట్లో పడినా కంగారుపడకు, రా ఫైల్లో నీడలోంచి చాలా బయటికి వస్తుంది. ఆకాశంలో ఎగిరే రాబందుకు లెక్క తిరగబడుతుంది. వెనక ఆకాశం వెలుతురు ఎక్కువ కాబట్టి ప్లస్ 1 గానీ అంతకు కొంచెం ఎక్కువ గానీ పెట్టు, లేకపోతే రెక్కల కింది భాగం నల్లటి కోతబొమ్మ అవుతుంది.

నీ చిత్రాలు దాచుకోవలసినవి. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్, ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించారు. ఊరికి సెలవు మీద వచ్చినప్పుడు పశువులున్న వాళ్లకు ఈ సంగతి చెప్పు. నువ్వు తీసిన ఫొటో చూపిస్తూ చెబితే వింటారు. మందు పేరు కాగితం మీద రాసి ఇవ్వు. ప్రతి చిత్రానికీ తేదీ, చోటు, కనబడిన పక్షుల రకాలు రాసిపెట్టుకో.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగినిని. మసాయి మారాలో పొద్దున్నే తీసిన ఒక ఫొటో పంపుతున్నాను. హైనా వైల్డ్‌బీస్ట్ అనే గడ్డి మేసే జంతువు కాలు నోట కరుచుకుని వెళ్తోంది. వెనక సూర్యుడు. ముఖం నల్లగా, ఒళ్లంతా గరుకుగా వచ్చింది. మా అబ్బాయి ఏఐతో ముఖం ‘శుభ్రం’ చేసి, వెనక ఎర్రటి సూర్యబింబం పెట్టాడు. చూడటానికి బాగానే ఉంది కానీ నాకు మనసొప్పడం లేదు. మీరు సరిచేసి చూపించగలరా?
– ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: అమ్మా, మీకు మనసొప్పకపోవడం సరైనదే. రెండు చిత్రాలనూ తెర మీద పెద్దవి చేసి పక్కపక్కన పెట్టి చూశాను. మీవాడి చిత్రంలో మీసాల వెంట్రుకలు మీ ఫైల్లో లేని చోట మొలిచాయి. చెవికి ఉన్న చిరుగు మాయమైంది. ఆ చిరుగు ఏదో పోట్లాటలో వచ్చింది. పరిశోధకులు ఒక్కో దుమ్ములగొండిని గుర్తుపట్టేది ఇలాంటి చెవి చిరుగులతో, ఒంటి మచ్చలతోనే. అది పోతే మీరు చూసిన జంతువే పోయినట్లు. మీ అసలు ఫైలు చాలా మంచిది. నేను చేసిన పని వరుసగా చెబుతాను.

మొదట గరుకు సంగతి. ఐఎస్ఓ 6400లో తీశారు కాబట్టి ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేరులో గరుకు తగ్గించే డీనాయిస్‌తో మొదలుపెట్టాను. ఇది 2023లో వచ్చింది. ఇది కూడా ఏఐ సాయంతోనే పనిచేస్తుంది, కానీ దాన్ని సగానికి మించి జరపలేదు. మించితే బొచ్చు మైనం పూసినట్లు నున్నగా అవుతుంది. నూరు శాతం పెద్దది చేసి, కంటి దగ్గర, మూతి దగ్గర లేనిది ఏదీ పుట్టలేదని చూసుకున్నాకే ముందుకు కదిలాను.

తరువాత రంగు. కెమెరా తనంతట తాను తెల్లవారుజాము వెచ్చదనాన్ని చల్లార్చేసి నీలం కలిపింది. రంగుల వెచ్చదనాన్ని మార్చే వైట్ బ్యాలెన్స్‌ను 5400 దగ్గర పెట్టగానే ఆ పొద్దుటి గాలి తిరిగి వచ్చింది. దాంతోపాటు గడ్డి మరీ పసుపెక్కింది, పసుపు ఒక్కదాన్నే పది పాయింట్లు తగ్గించాను. దుమ్ములగొండి ఒళ్లు ఇసుక రంగు, గడ్డిది ఎండు రంగు. రెండూ కలిసిపోకుండా చూడటమే ఇక్కడ అసలైన కష్టం.

వెలుతురును మొత్తం మీద కొంచెమే పెంచాను. ఆకాశం వైపు హైలైట్లు, అంటే బాగా వెలిగే భాగాలు, బాగా దించాను, నీడలు ముప్ఫై దాకా ఎత్తాను. నీడలను నూటికి నూరు ఎత్తితే ఎదురుకాంతిలో తీసిన చిత్రం మధ్యాహ్నం తీసినట్లు అయిపోతుంది. మిగతా వెలుతురు ముఖానికి మాత్రమే ఇచ్చాను. ముఖం చుట్టూ మెత్తటి అంచుతో ఒక మాస్క్ గీసి, అంటే మార్పు ఆ చోటికే పరిమితం చేసి, అక్కడ నీడలు ఇంకో ఇరవై పెంచాను. కన్ను మీద ఇంకో చిన్న మాస్క్, దానిలో పెంచింది మరీ తక్కువ. కంటిలో వెలుతురు చుక్క మీ ఫైల్లోనే ఉంది, అది కనబడితే చాలు. కనుగుడ్డును తెల్లగా చేస్తే జంతువు భయపడినట్లు కనబడుతుంది.

క్లారిటీ, డీహేజ్ అనే రెండు మీటల మీద అందరికీ మోజు. డీహేజ్ మీ చిత్రంలో వాడనేలేదు. దుమ్ములగొండి కాళ్ల చుట్టూ లేచిన ధూళిలోంచి సూర్యకాంతి వస్తోంది, ఈ చిత్రానికి ఊపిరి అదే. దాన్ని తుడిచేస్తే మిగిలేది ఒక జంతువు, ఒక ఎముక. క్లారిటీ పెంచితే ఒంటి మచ్చలు తారు చుక్కల్లా గట్టిపడతాయి. దానికి బదులు ఒంటి వరకు టెక్స్‌చర్ పది పెంచాను, బొచ్చు లేచి నిలబడింది. చివర పదును పెట్టేటప్పుడు మాస్కింగ్ మీటను ఆల్ట్ నొక్కి జరిపితే ఎక్కడ పదును పడుతుందో తెలుపు నలుపుల్లో కనబడుతుంది. వెనక గడ్డి నల్లబడి, ముఖం అంచులు మాత్రమే తెల్లగా మిగిలేదాకా జరపండి.

క్రాప్ విషయంలో మీరు పంపిన మచ్చులో వైల్డ్‌బీస్ట్ డెక్క తెగిపోయింది. అసలు ఫైల్లో అది పూర్తిగా ఉంది. దాన్ని ఉంచి, దుమ్ములగొండి వెళ్తున్న వైపు చోటు ఎక్కువ వదిలాను. మీ కెమెరా 24 మెగాపిక్సెళ్లది, అంటే 6000, 4000 చుక్కలు. 18 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 5400, 3600 కావాలి. కాబట్టి ఈ చిన్న కోతతో ఆ సైజు ప్రింటు ఏ లోటూ లేకుండా వస్తుంది.

లైట్‌రూమ్‌కు నెలనెలా డబ్బు కట్టాలి. అది వద్దనుకుంటే డార్క్‌టేబుల్ ఉచితం, ఇదే పని చేస్తుంది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఫోనులో అయితే స్నాప్‌సీడ్. మీ అబ్బాయిని కోప్పడకండి, పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి చేయండి. 2025లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి వన్యప్రాణి ఫొటోల పోటీలో అగ్ర బహుమతి ఒక గోధుమ రంగు హైనా చిత్రానికి వచ్చిందని కూడా అతనికి చెప్పండి. నమీబియాలో ఇసుకలో కూరుకుపోతున్న పాత వజ్రాల గనుల ఊరు కోల్మన్స్‌కోప్‌లో, కెమెరాను అమర్చిపెట్టి తీసిన చిత్రం అది.

ప్రశ్న: మావారు పన్నా అడవిలో తీసిన రాబందుల ఫొటో హాల్లో పెడతానంటున్నారు. రాబందు ఇంట్లో ఉంటే అరిష్టమని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ముక్కు మీది రక్తం తుడిచి ఇస్తే ఒప్పుకుంటారేమో. చేస్తారా?
– ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: రక్తం తుడవను అమ్మా. ఆ పక్షి తన పని చేస్తున్నప్పుడు తీసిన చిత్రం అది, దాని ముక్కు అలాగే ఉండాలి. కానీ పెద్దావిడ మాటను తోసిపుచ్చవద్దు, రోజూ ఆ గోడ ఎదురుగా కూర్చునేది ఆవిడే. మీవారు పంపిన మిగతా ఫైళ్లు కూడా చూశాను. వాటిలో కొండ అంచు మీద రెక్కలు బారచాపి ఎండ కాచుకుంటున్న రాబందు ఒకటుంది. హాలుకు అది వేయించండి. రక్తం ఉన్న చిత్రం మీవారి గదికి తెలుపు నలుపుల్లో వేయవచ్చు. అందులో ఏమీ దాచినట్లు కాదు, ఎరుపు మొదట కంటికి కొట్టకుండా పక్షి చూపు ముందుకు వస్తుంది. సీతమ్మ కోసం రావణుడితో పోరాడి రెక్కలు పోగొట్టుకున్న జటాయువు రాబందే కదా. రామతీర్థం దర్శనానికి వెళ్లినప్పుడు ఆ మాట అత్తగారితో కదిపి చూడండి.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. నా దగ్గర పాత కెమెరా, 70–300 లెన్సు ఉన్నాయి. సఫారీకి వెళ్లే స్తోమత లేదు. ఇక్కడే నేర్చుకునే దారి ఉందా?
– ఒక విద్యార్థి, గార

జవాబు: నీకు కళింగపట్నం పక్కనే ఉంది. వేట పడవలు ఒడ్డుకు వచ్చే చోట మామూలు గద్దలు, తెల్లటి తల ఉన్న గరుడ పక్షులు, కాకులు చేరతాయి. పారేసిన చేపల కోసం అవి చేసే పోట్లాట, కళేబరం మీద రాబందుల పోట్లాటకు ఏమీ తీసిపోదు. ఆ లెన్సుకు అది సరిపోయే దూరం కూడా.

గాలిని, వెలుతురును కలిపి ఆలోచించడం అక్కడ నేర్చుకో. ఏ పక్షి అయినా గాలికి ఎదురుగా వాలుతుంది. కాబట్టి గాలి నీ వీపున తగిలేలా నిలబడితే పక్షి ముఖం నీ వైపు ఉంటుంది. మన తీరంలో పొద్దు సముద్రం వైపు నుంచి వస్తుంది. తెల్లవారుజామున సముద్రానికి వీపు పెడితే వెలుతురు బాగుంటుంది కానీ, గాలి నేల వైపు నుంచి వీస్తుంటే పక్షులన్నీ వీపు చూపిస్తాయి. సాయంత్రం పొద్దు వెనక ఉంచుకుని సముద్రం వైపు తిరిగితే, ఎదురుగా సముద్రపు గాలి ఉంటుంది, మళ్లీ అదే ఇబ్బంది. గాలి సముద్రం మీది నుంచి తిరిగే వేళ, పొద్దు ఇంకా మరీ నెత్తికెక్కక ముందు కొద్దిసేపు రెండూ కలిసివస్తాయి. ఆ వేళ ఋతువును బట్టి మారుతుంది, ఒడ్డున ఉన్న మత్స్యకారులను అడిగితే ఖచ్చితంగా చెబుతారు.

కోడి వ్యర్థాలు చల్లి గద్దలను పిలిచే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. నువ్వు ఆ పని చేయవద్దు. మనం వేసిన దానికి వచ్చిన పక్షి ఫొటోలో దాని బతుకు ఉండదు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. చనిపోయినవి కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి, వాటి చుట్టూ కుక్కలు, కాకులు, గద్దలు మూగుతాయి. పగటిపూట దూరం నుంచి తీయి, కళేబరాన్ని జరపవద్దు, అటవీ శాఖ వారికి కబురు చెప్పు. గూళ్లు తవ్వడానికి నక్కలు వచ్చేది రాత్రిపూట. వాటి కోసం టార్చి గానీ ఫ్లాష్ గానీ పట్టుకుని ఒడ్డుకు వెళ్లవద్దు, వెలుతురు పడితే గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. మర్నాడు పొద్దున ఇసుకలో నక్క అడుగులు, చెల్లాచెదురైన గుడ్డు పెంకులు ఉంటాయి. ఏటవాలు ఎండలో వాటిని తీసి, రా ఫైళ్లే పంపు.